నీళ్లతోనే పేచీ అంతా

మొక్కల నుంచి ప్లాస్టిక్ చేస్తున్నానంటే ఎవరైనా ముందు అడిగేది, మట్టిలో ఎన్నాళ్లకు కలిసిపోతుందని. నా తలనొప్పి అంతకంటే ముందే మొదలవుతుంది: వాడేదాకా అది ముక్కలవకుండా ఎలా ఆపాలి?

నేను ఎక్కువగా పనిచేసేది పీఎల్ఏతో, అంటే పాలీలాక్టిక్ యాసిడ్‌తో. మొక్కజొన్న పిండి, చెరకు లాంటివాటి చక్కెరను సూక్ష్మజీవులతో పులియబెడితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది. దాని అణువులను నేరుగా గొలుసు కట్టబోతే, కలిసిన ప్రతిచోటా ఒక నీటి అణువు బయటపడుతుంది. ఆ నీరు పోతే తప్ప గొలుసు పొడవు పెరగదు. అందుకే సాధారణంగా రెండేసి అణువులను లాక్టైడ్ అనే వలయంగా మార్చి, శుద్ధి చేసి, తగరం ఉన్న ఉత్ప్రేరకంతో ఆ వలయాలను విప్పుతూ గొలుసు కడతారు.

అంతటితో నీళ్ల గొడవ తీరదు. పీఎల్ఏ గుళికల్లో తేమ 0.025 శాతం దాటితే, వాటిని కరిగించి ఫిల్మ్‌గా తోసే ఎక్స్‌ట్రూడర్ యంత్రంలో 200 డిగ్రీల దగ్గర, గొలుసును కలిపి ఉంచే ఎస్టర్ బంధాలు పటపటా తెగుతాయి. బయటికొచ్చిన ఫిల్మ్ మడిస్తే చిట్లుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో డ్రైయర్ దగ్గరే కాపలా కాస్తాను, అదో టెన్షన్.

అంత తొందరపడి తెగే బంధాలే చల్లటి మట్టిలో మొండికేస్తాయి. సుమారు 55-60 డిగ్రీల లోపు పీఎల్ఏ గాజులా బిగుసుకుని ఉంటుంది, నీరు లోపలికి చొరబడటం కష్టం. పారిశ్రామిక కంపోస్టులో 58 డిగ్రీల వేడి ఉంటుంది కాబట్టి నెలల్లో విరుగుతుంది; మామూలు నేలలో ఏళ్లు పట్టొచ్చు. కంపోస్టయ్యే ప్యాకేజింగ్‌కు యూరప్ పెట్టుకున్న ఈఎన్ 13432 ప్రమాణం 6 నెలల్లో 90 శాతం జీవక్షయం (సూక్ష్మజీవులు తినేయడం) అడిగేది కూడా అలాంటి కంపోస్టు పరిస్థితుల్లోనే. ప్యాకెట్ మీద ఆకు బొమ్మ పెద్దగా వేస్తారు, ఈ ఉష్ణోగ్రత మాట మాత్రం ఎక్కడా కనిపించదు. నాకు ఒళ్లుమండేది అక్కడే.

ఇంకో సంగతి. చెరకు ఇథనాల్ నుంచి చేసిన పాలిథిన్ కూడా మొక్క నుంచి వచ్చిందే, కానీ పెట్రోలియం పాలిథిన్‌లాగే అదీ కుళ్లదు. పీబీఏటీ అనే మరో ప్లాస్టిక్ ఎక్కువగా పెట్రోలియం సరుకే, అయినా కంపోస్టులో విరుగుతుంది.

పొలంలో పరిచే మల్చ్ ఫిల్మ్‌కైతే ఒట్టి పీఎల్ఏ వద్దంటాను. 1926లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లెమోయిన్ బ్యాక్టీరియాలో గుర్తించిన పీహెచ్‌బీ అనే ప్లాస్టిక్ మట్టిలో మెరుగ్గా కలిసిపోతుంది. కాకపోతే అది కరిగే వేడికీ చెడిపోయే వేడికీ మధ్య తేడా చాలా తక్కువ. ప్రస్తుతం ఆ సందులోనే ఇరుక్కుని ఉన్నాను.