డబ్లిన్ సాయంత్రాలు: వేదిక లేని సంగీతం

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో సాయంత్రం సంగీతం వినడానికి ఎక్కడికి వెళ్లాలని అడిగితే చాలామంది నోట మొదట వచ్చే పేరు టెంపుల్ బార్ అనే పేట. రాళ్లు పరచిన వీధులు, పూలకుండీలు వేలాడే ఎర్రటి గోడలు, తలుపు తీయగానే మైకుల్లో హోరెత్తే గిటారు పాటలు చూసి ఆనందించదగినవే. అయితే ఈ నగరం తన కోసం తాను వాయించుకునే సంగీతం వినాలనుకునేవారు లిఫీ నదికి ఉత్తరాన ఉన్న స్మిత్‌ఫీల్డ్‌కు వెళ్లాలన్నది నా గట్టి అభిప్రాయం. లువాస్ రెడ్ లైన్ ట్రాము దిగి, ఒకప్పుడు గుర్రాల సంతకు పేరుపడ్డ ఆ పొడవాటి చౌకు వెంట ఉత్తరం కొసదాకా నడిస్తే కాబుల్‌స్టోన్ అనే పాత పబ్బు వస్తుంది. వెనుక గదిలో జరిగే కచేరీలకు టికెట్టు ఉంటుంది కానీ, ముందు గదిలో ఒక మూల బల్ల చుట్టూ కూర్చుని వాయించేవారిని వినడానికి ఎవరూ పైసా అడగరు.

ఇలా కూర్చుని వాయించడాన్ని ఇక్కడ సెషన్ అంటారు. ఇందులో ప్రదర్శన అనే భావమే లేదు. వాయించేవారు ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు కాబట్టి కొందరి వీపులు మనవైపే ఉంటాయి. చప్పట్ల కోసం వారు ఎదురుచూడరు. మన పల్లెల్లో రామాలయం దగ్గర భజన జరిగేటప్పుడు తాళాలు పట్టుకుని వచ్చిన ప్రతివాడూ బృందంలో ఒకడైపోయినట్టే, ఇక్కడ ఫిడేలో, చెక్క ఫ్లూటో, కన్సర్టీనా అనే చేతి తిత్తి పెట్టెనో తెచ్చుకుని బాణీలు తెలిసినవాడు వస్తే కుర్చీలు కొంచెం జరిగి చోటు ఏర్పడుతుంది.

బాణీల అమరిక తెలిస్తే వినడం మరింత ఇంపుగా ఉంటుంది. సాధారణంగా ఒక్కొక్క బాణీకి రెండు భాగాలుంటాయి. ప్రతి భాగాన్నీ రెండేసి సార్లు వాయిస్తారు. అలా మొత్తం బాణీని మూడు సార్లు తిప్పి, ఎక్కడా ఆగకుండా మరో బాణీలోకి మళ్లుతారు. రీల్, జిగ్ అనేవి నాట్యానికి వాయించే బాణీల రకాలు. రీల్‌ది నాలుగు దెబ్బల పరుగు. జిగ్‌ది ఆరు లెక్క గనుక తిశ్ర నడక తెలిసిన చెవికి అది తొందరగానే పట్టుబడుతుంది. స్లిప్ జిగ్‌లో ఆ లెక్క తొమ్మిదికి పెరుగుతుంది. ఒక బాణీ నుంచి మరొకదానికి మారే క్షణాన్ని దగ్గర నుంచి గమనించాలి. అకార్డియన్ వాయించే ఆవిడ నోటితో ఏమీ చెప్పదు. గడ్డం కాస్త పైకెత్తి పక్కవారి కళ్లలోకి చూస్తుంది, అంతే. కొత్త బాణీలోని మొదటి రెండు మూడు స్వరాలు వినగానే ఫిడేళ్లు అందుకుంటాయి, శ్రుతి మారిన ఆ కుదుపుకు గదిలో ఎవరో ఒకరు గట్టిగా కేక వేస్తారు. బాణీ తెలియనివాడు వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని మౌనంగా వింటాడు. తెలియనిదాన్ని తడుముకుంటూ వాయించడం అక్కడ మర్యాద కాదు. మేకతోలు బిగించిన గుండ్రటి చట్రాన్ని పొట్టి కర్రతో వాయించే బౌరాన్ విషయంలో ఈ కట్టుబాటు మరీ గట్టిది: ఒకరు వాయిస్తుంటే రెండో బౌరాన్ సాధారణంగా సంచిలోనే ఉంటుంది.

అన్ని వాద్యాల్లో నా మనసుకు అతి దగ్గరైనది ఇలెన్ పైప్స్ అనే ఐరిష్ తిత్తి వాద్యం. దీనికి గాలి నోటితో ఊదరు. మోచేతి కింద కట్టుకున్న చిన్న తిత్తితో నింపుతారు. నేర్చుకోవడానికి ఏడేళ్లు, సాధనకు ఏడేళ్లు, వాయించడానికి మరో ఏడేళ్లు కావాలని ఐరిష్ వారు దాని గురించి చెప్పుకుంటారు. ఈ పైపుల వాద్యాన్ని 2017లోనూ, ఐరిష్ హార్ప్ వాద్యాన్ని 2019లోనూ యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది.

జాబితాలో చేరిన సంగీతానికి సైతం కూర్చునే చోటు కావాలి. 2021లో కాబుల్‌స్టోన్ ఉన్న చోట తొమ్మిది అంతస్తుల హోటలు కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. కిందనున్న పబ్బు ముందు భాగాన్ని ఉంచుతామన్నారు గానీ, వెనుక గదులు పోతే పాఠాలు, కచేరీలు ఎక్కడ జరగాలన్నది అసలు ప్రశ్న. ఆ అక్టోబరులో సంగీతకారులు, శ్రోతలు వాద్యాలు వాయిస్తూ వీధుల్లో ఊరేగింపు తీశారు, ఒక శవపేటికను మోసుకెళ్లి సంస్కృతి చచ్చిపోతోందని చాటారు. నవంబరులో డబ్లిన్ నగర కౌన్సిల్ ఆ ప్రతిపాదనకు అనుమతి నిరాకరించింది. ఒక నగరం తన సాయంత్రాల కోసం ఇలా రోడ్డెక్కడం గొప్ప సంగతి అని నేను నమ్ముతున్నాను.

మద్యం తాగని తెలుగువారు, ముఖ్యంగా కుటుంబాలతో ఉన్నవారు, పబ్బు అనగానే వెనకాడతారు. అందుకు కారణం లేదు. నిమ్మరసం సోడా చేతిలో పట్టుకుని సాయంత్రమంతా కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు. 2004 మార్చి నుంచి పబ్బుల లోపల పొగతాగడం నిషిద్ధం కాబట్టి గాలి కూడా బాగానే ఉంటుంది. పిల్లల విషయంలో మాత్రం చట్టం చెప్పే వేళలు గుర్తుంచుకోవాలి: పద్దెనిమిదేళ్ల లోపువారు రాత్రి తొమ్మిదికల్లా, మే నుంచి సెప్టెంబరు వరకు పదికల్లా బయటికి రావాలి, పదిహేనేళ్లు నిండనివారి వెంట పెద్దలు ఉండాలి.

వాద్యాల మధ్యలో ఒక్కోసారి పాట వస్తుంది. ఎవరో కళ్లు మూసుకుని, ఏ వాద్యమూ తోడు లేకుండా, షాన్ నోస్ అనే పాత పద్ధతిలో అందుకుంటారు. గమకాల వంటి చిన్న చిన్న అల్లికలతో, తాళానికి కట్టుబడని ఊపిరితో సాగే ఆ పాట మొదలైన వెంటనే బారులో గ్లాసుల చప్పుడు కూడా ఆగిపోతుంది. మాట్లాడుతున్నవారిని పక్కవారే వారిస్తారు. అలాంటి పాటలకే అంకితమైన గోలీన్ గాయకుల సంఘం 1979 నుంచి డబ్లిన్‌లో ఉంది.

నాటకాల మీద ఆసక్తి ఉన్నవారికి 1904 డిసెంబరు 27న తెరుచుకున్న ఆబీ థియేటర్ ఉంది. ఆ పాత భవనం 1951లో కాలిపోగా ఇప్పటిది 1966లో వచ్చింది. ఆ గుమ్మం ముందు నిలబడితే నాకు ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె గుర్తుకు రావడానికి కారణం ఉంది. ఆబీకి దారితీసిన నాటక ఉద్యమపు తొలి ప్రదర్శనల్లో, 1902లో, నటించినవారిలో కవి జేమ్స్ కజిన్స్ ఒకరు. డబ్లిన్‌లో సంగీతం చదువుకున్న మార్గరెట్ ఆయన భార్య. 1915లో భారతదేశానికి వచ్చిన ఆ దంపతులు మదనపల్లె థియోసాఫికల్ కళాశాలలో ఉండగా 1919లో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడికి వచ్చి జనగణమనను పాడి వినిపించారు, ఆంగ్లంలోకి అనువదించారు; దాని బాణీకి స్వరలిపి రాసింది మార్గరెట్. అంతకు ఆరేళ్ల ముందే టాగూర్ నాటకం ఒకటి ఆంగ్లరూపంలో ఆబీ వేదిక ఎక్కింది. ఇక్కడి తెలుగు కుటుంబాల పిల్లల్లో ఎంతమందికి ఈ కథ చెబుతున్నాం?

ఈ పిల్లల సంగతి వచ్చింది కనుక ఒక్క మాట. ఇక్కడి ప్రాథమిక పాఠశాలల్లో చాలాచోట్ల టిన్ విజిల్ అనే చిన్న లోహపు పిల్లనగ్రోవి నేర్పుతారు. మన పిల్లల బడిసంచుల్లోనూ అది ఉంటుంది, కానీ ఇంట్లో దాన్ని హోమ్‌వర్కుగానే చూస్తాం. 1951లో ఏర్పడిన కోల్తస్ సంస్థ శాఖలు ఈ సంగీతాన్ని పిల్లలకు తరగతులు పెట్టి నేర్పుతున్నాయి. దాని ప్రధాన కార్యాలయం డబ్లిన్ దక్షిణాన మాంక్స్‌టౌన్‌లో ఉంది. ఒకసారి సాయంత్రం పెందలాడే జరిగిన సెషన్‌లో ఒక పెద్దాయన తన పక్క పీట మీది కోటు తీసి, విజిల్ పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డ ఒక చిన్నారిని కూర్చోబెట్టుకుని, నీకు ఏ బాణీ వచ్చని అడిగారు. ఆ పాప బడిలో నేర్చిన జిగ్‌ను మెల్లగా ఎత్తుకుంటే బల్ల చుట్టూ ఉన్నవారందరూ తమ వేగం తగ్గించుకుని ఆమె నడకకే వాయించారు. ఉగాదికి, దసరాకు హాళ్లు అద్దెకు తీసుకుని కార్యక్రమాలు జరుపుకునే మన సంఘాలు ఆ పీట మీద మన పిల్లలు కూడా కూర్చునేలా ఈ ఏడాదైనా ప్రయత్నించాలని, అందుకు ముందుగా పెద్దలు ఒక సాయంత్రం స్మిత్‌ఫీల్డ్‌కు వెళ్లి విని రావాలని నా కోరిక.