పక్షి కథ మాత్రం వాడికి చెప్పలేదు

"అమ్మా, ఈ శనివారం నేను తెలుగు క్లాసుకి రాను. ఐ యామ్ డూయింగ్ వూ వెయ్."

సోఫాలో వెల్లకిలా పడుకుని మా పదకొండేళ్లవాడు అన్నమాట ఇది. ఆరో తరగతి సోషల్‌లో పాతకాలం చైనా పాఠం నడుస్తోంది. పెద్దల మాట వినమన్న కన్ఫ్యూషియస్ వీడి చెవికెక్కలేదు గానీ, లోకం సహజంగా నడిచే దారిని 'తావో' అన్న లావోజు చెప్పిన వూ వెయ్, అంటే 'ఏమీ చేయకపోవడం', మాత్రం ఒక్కసారికే వచ్చేసింది.

నేనేం తక్కువ తిన్నానా? లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చాను, వాడి మీద గెలవడానికి. (తావో గురించి పంతం కోసం చదివినదాన్ని నేనొక్కదాన్నేనేమో.) లావోజు పేరు మీదున్న తావో తె చింగ్ 81 చిన్న అధ్యాయాలు, రెండు రాత్రుల పని. అదే దారిలో నడిచిన మరో గురువు చువాంగ్‌జు పుస్తకం కథల పుట్ట. నాకు కావాల్సింది అందులోనే దొరికింది.

దింగ్ అనే వంటవాడు రాజు ముందు ఎద్దును కోస్తుంటాడు. 19 ఏళ్లుగా ఒకటే కత్తి, పదును పోలేదు. ఎముకని నరకడు, కీళ్ల సందుల్లోంచి పోనిస్తాడు. బలవంతం లేని ఆ పనే అసలు వూ వెయ్. "చూశావా? మొదట్లో అతనికీ ఎద్దు మొత్తంగానే కనిపించేదట. మూడేళ్లకి గానీ సందులు కనపడలేదు. నువ్వింకా గుణింతాల్లోనే ఉన్నావు. నీకు అప్పుడే వూ వెయ్ ఏంట్రా?" అన్నాను.

"బట్ హి లవ్డ్ ఇట్, అమ్మా."

పుస్తకంలోనూ అలాగే ఉంది. తనకిష్టమైంది తావోనే అంటాడు దింగ్. నోరు మూసుకున్నాను.

ఆ రాత్రే ఇంకో కథ కంటబడింది. లూ అనే రాజ్యం రాజధాని బయట ఓ సముద్రపు పక్షి వాలింది. ప్రభువు మురిసిపోయి దాన్ని గుడికి తీసుకొచ్చి, గొప్ప సంగీతం వాయించి, మద్యం పోసి, మాంసం పెట్టించాడు. పక్షి బిక్కచచ్చి, ఏదీ ముట్టక, మూడో రోజుకి చచ్చిపోయింది. తనకి పెట్టుకునేది పక్షికి పెట్టాడు పాపం. ఈ కథ వాడికి చెప్పలేదు. ఎందుకు చెప్తాను?

పోనీ, నేను పెడుతున్నది నేను తిన్నదేనా అంటే అదీ కాదు. మా కాన్వెంట్‌లో తెలుగు మాట్లాడితే ఫైన్. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. సుమతీ శతకం ఇక్కడికొచ్చాక, వీడికి నేర్పడానికే మళ్లీ తెరిచాను. అమ్మమ్మతో మాట్లాడటానికి తెలుగు కావాలి కదా అంటాను గానీ, ఫోన్‌లో వాళ్లిద్దరూ "ఏం తిన్నావు నాన్నా", "అన్నం" అనుకుని హాయిగా నవ్వుకుంటారు. పద్యం లేని లోటు నాకే.

పెద్ద రాజ్యాన్ని ఏలడమంటే చిన్న చేపల్ని వండటం లాంటిదట, తావో తె చింగ్ 60వ అధ్యాయంలో ఉంది. ఊరికే కెలికితే చితికిపోతాయని. చదివి నవ్వొచ్చింది. పెళ్లైన కొత్తలో నేను పులుసులో గరిటె పెట్టి ముక్కలన్నీ చిదిపేస్తే, మా అత్తగారు ఏమీ అనకుండా గిన్నె రెండు చేతులతో పట్టుకుని తిప్పి చూపించారు. సరే, ఈ వారం వీణ్ని కెలకను అనుకున్నాను. సోమ, మంగళ, బుధ గడిచాయి. గురువారం వాడు స్నానానికెళ్లగానే బ్యాగు తీసి తెలుగు పుస్తకం చూశాను. కొత్త పేజీ ఒక్కటీ లేదు. శనివారం క్లాసుకీ పోలేదు. కెలక్కపోతే ముక్క చిదరదు, నిజమే. అసలు కదపకపోతే అడుగంటదా? గిన్నెనైతే తిప్పొచ్చు. పిల్లాణ్ని ఎలా తిప్పాలి? లావోజు ఆ ముక్క రాయలేదు.

ఆదివారం పులుసు పెట్టాను. వాడు వంటింట్లోకొచ్చి గరిటె అందుకోబోయాడు.

"గరిటె కాదు, గిన్నె తిప్పు."

రెండు మసిగుడ్డలు పట్టుకుని, నాలిక బయటపెట్టి, మెల్లగా తిప్పాడు. ముక్క చెక్కుచెదరలేదు.

"మరి నెక్స్ట్ శనివారం?" అన్నాడు, గిన్నె వదలకుండా.

వచ్చే ఏడాది ఫీజు కూడా కట్టేసి అప్పటికి రెండు రోజులు.

"ముందు స్టవ్ తగ్గించు" అన్నాను.