తీపి రక్తం, రెండో నంబరు ఫ్యాను

పడుకుంటే నిద్ర పట్టలేదు, లేచొచ్చి రాస్తున్నా. చీలమండల దగ్గర దద్దుర్లు, ఒకటే దురద. పసుపు రాసుకున్న కాళ్ళన్న మర్యాదైనా లేదు ఈ దోమలకి.

నన్ను లేపింది మాత్రం దోమలు కాదు, అన్నయ్యగారు, అంటే మా ఆడపడుచు భర్త. ఆడపడుచు వాళ్ళు వ్రతానికి వచ్చారు, ఆదివారం దాకా ఉంటారు. రాత్రి భోజనాల దగ్గర వడ్డిస్తూ కాలితో కాలు గోక్కుంటుంటే చూసి, "నీది ఓ పాజిటివ్ కదమ్మా, అందుకే. ఓ గ్రూపు వాళ్ళ రక్తం తీపి" అన్నారు. అత్తయ్య వెంటనే, "చిన్నప్పుడు బెల్లం తెగ తినేదిట" అని తన వంతు కలిపారు. ఈయన నవ్వారు. ఈయన్ని దోమలు ముట్టవు, మీకు తెలిసిందే.

అంతటితో ఆగినా బాగుండేది. అన్నయ్యగారు ఫోన్ తీసి, దోమల్ని తరిమే యాప్ ఒకటి ఆన్ చేసి, చారు గిన్నె పక్కన పెట్టారు. ఏదో శబ్దం వస్తుందట, మనకి వినబడదట, దోమలు మాత్రం పారిపోతాయట. కాసేపటికి ఆ ఫోను మీదే ఒక దోమ వాలింది. నేను చూశాను, ఆడపడుచు కూడా చూసింది. ఇద్దరం ఏమీ అనలేదు. 2007లో వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్ళు ఇలాంటి శబ్దం చేసే పరికరాల మీద జరిగిన పది పరిశీలనలు తీసుకుని చూస్తే, అది మోగుతున్నా మోగకపోయినా మనిషి మీద వాలే దోమలేమీ తగ్గలేదని తేలింది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇంటల్లుడితో వాదన ఎందుకని ఇంకొంచెం చారు పోశాను.

అసలు తీపి అన్న మాటే నాకు ఎక్కదు. రుచి చూసి నచ్చితే కుట్టడానికి ఇదేమన్నా సంతలో మామిడిపండా? దోమ ముందు మన ఊపిరిలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ పసిగట్టి వస్తుంది, దగ్గరికొచ్చాక ఒంటి వాసన, వేడి చూసుకుంటుంది. దానికి తీపి కావాలంటే పూలున్నాయి. ఆడదోమైనా మగదోమైనా పూలలోని తేనె తాగే బతుకుతుంది. రక్తం ఆడదానికే కావాలి, అదీ గుడ్ల కోసం. మగది కుట్టదు. ఆ ముక్క చెప్తే ఈయన ఇంకోలా నవ్వుతారు, అందుకే చెప్పలేదు.

ఓ గ్రూపు సంగతి వెతికితే ఇంకా ఒళ్ళు మండింది, ఎందుకంటే అన్నయ్యగారిది పూర్తిగా తప్పు కాదు. 2004లో జపాన్‌లో ఒక ప్రయోగం చేశారు. దోమలు కుట్టకుండా వాటి తొండం కత్తిరించి మరీ, ఎవరి మీద ఎక్కువ వాలుతున్నాయో లెక్కపెట్టారు. A గ్రూపు వాళ్ళ కంటే O గ్రూపు వాళ్ళ మీద ఎక్కువ వాలాయి. దోమలన్నీ అలాగే చేస్తాయని దాన్నిబట్టి అనలేం, తర్వాత అందరికీ అదే ఫలితం రాలేదు కూడా. కానీ రేపు పొద్దున కాఫీ దగ్గర ఇది ఆయనకి దొరికిందంటే ఆదివారం దాకా నాకు మోక్షం లేదు.

నాకు నచ్చింది 2022లో వచ్చింది. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ వాళ్ళు మనుషుల ముంజేతులకి నైలాన్ మేజోళ్ళు తొడిగి, వాటికి పట్టిన వాసనని దోమలకి చూపించారు. 33వ నంబరు మనిషి మేజోడంటే దోమలు పడి చచ్చాయి. 19వ నంబరు మనిషితో పోలిస్తే వందరెట్లు ఎక్కువ. ఏళ్ళు గడిచినా ఎక్కువగా కుట్టించుకునే వాళ్ళు వాళ్ళే. తేడా చర్మం మీది కొవ్వు ఆమ్లాల్లో ఉందట. అంటే నేను 33, ఈయన 19. ఇంత స్పష్టంగా మా కాపురాన్ని ఎవరూ చెప్పలేదు.

ఇలా చూస్తే మా అమ్మమ్మ "నీది దోమలు మెచ్చే ఒళ్ళే" అనడంలో తప్పేముంది? రక్తం బదులు చర్మం అనుకుంటే సరిపోతుంది. పొద్దుటి నుంచీ వీళ్ళందరి మీదా కోపంగా ఉన్నాను కానీ, ఆవిడ అన్నప్పుడు కోపం రాలేదు. ఆవిడ అంటూ విసనకర్రతో విసిరేది. అదీ తేడా.

బేగంపేట గుర్తొస్తోంది. చిన్నప్పుడు నాన్న నన్నూ తమ్ముడినీ స్కూటర్ మీద ఎక్కించుకుని, "నోబెల్ బహుమతి పుట్టిన చోటు చూపిస్తా" అని తీసుకెళ్ళారు. పెద్ద దోమ బొమ్మ ఉంటుందని మా ఆశ. ఉన్నది ఒక పాత బంగళా, అదీ మూసి ఉంది. పక్కనే ఎయిర్‌పోర్టు కాబట్టి విమానాలు చూస్తూ నిలబడ్డాం. నాన్న మాత్రం రోడ్డు మీదే పాఠం మొదలుపెట్టారు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టరు ఇక్కడే దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఉక్కపోత, అయినా పంకా వేసుకోకూడదు, కోసిన దోమలు ఎగిరిపోతాయి. చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. 1902లో నోబెల్ ఇచ్చారు. అంతా విని తమ్ముడు, "మరి ఆ దోమలకి రక్తం ఎవరిచ్చారు?" అన్నాడు. "ఎవరో పేషెంటులేరా" అన్నారు నాన్న. తిరిగొచ్చేటప్పుడు ప్యారడైజ్ దగ్గర ఐస్‌క్రీమ్ కొనిపెట్టారు.

ఆ ఎవరో పేషెంటు పేరు హుసేన్ ఖాన్ అని చాలా ఏళ్ళకి చదివాను. మలేరియాతో ఆస్పత్రిలో పడున్న మనిషిని దోమలకి అప్పజెప్పి, కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా ఇచ్చారు. చదవగానే కోపం వచ్చింది. తర్వాత, పోనీలే, రాస్ ఆయన పేరైనా రాసిపెట్టాడు, అంతకు ముందూ తర్వాతా ఎంతమంది పేర్లు పోలేదు అనుకున్నాను. ఇవాళ మళ్ళీ కోపమే వస్తోంది. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ అసలు పేరులో రాస్ ఉన్నాడు, బేగంపేట బంగళాకీ ఆయన పేరే. హుసేన్ ఖాన్ పేరుతో ఒక సందైనా నా కంటపడలేదు. ఆయన్ని కూడా ఎవరో ఒకరు నీది తీపి రక్తం అనే ఉంటారు.

అన్నట్టు పూర్ణాలు బాగా వచ్చాయి, ఒక్కటీ పేలలేదు.

అసలు గొడవ రక్తం కాదు, ఫ్యాను. దోమ బలహీనంగా ఎగురుతుంది, గట్టి గాలికి నిలవలేదు. పైగా మన ఊపిరి వాసనని కూడా గాలి చెదరగొట్టేస్తుంది. యాప్‌లూ వెల్లుల్లీ అక్కర్లేదు, ఫ్యాను ఐదులో పెడితే చాలు. చుట్టాలున్నారని ఆడవాళ్ళమంతా హాల్లో పడుకుంటున్నాం. నేను ఐదు పెట్టి పడుకుంటాను, కాస్త కునుకు పట్టేసరికి అత్తయ్య లేచి రెండుకి తిప్పేస్తారు. కీళ్ళు పట్టేస్తాయంటారు. నిజంగానే పట్టేస్తాయి, మొన్న ఆవిడ మెట్లు దిగడం చూశాను. అందుకే గట్టిగా అనలేను. కానీ నా చీలమండల గురించి ఎవరూ ఒక్క మాట అనరు, బెల్లం గురించి మాత్రం అంటారు.

ఆవిడ మంచం కిటికీ వైపు గోడకి జరిపితే ఫ్యాను గాలి నేరుగా తగలదు. పొద్దున ఈయన్నీ అన్నయ్యగారినీ చెరో పక్క పట్టమనాలి. టేకు మంచం, నా ఒక్కదాని వల్ల కాదు.