ఫిలోక్టెటిస్ కాలు, నా కాలు

నా పుండు గిరిప్రదక్షిణలో మొదలైంది. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం కొండ మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, కంచరపాలెం మీదుగా కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు అందరిలాగే చెప్పుల్లేకుండా నడిచాను. బొటనవేలి కింద బొబ్బ లేచి చితికినా నాకు తెలియలేదు. ఏళ్ల తరబడి సుగర్ ఉంటే అరికాళ్లలో నరాలు మొద్దుబారతాయి. దుప్పటి మీద మరక చూసి మా ఆవిడే కనిపెట్టింది.

డాక్టరుగారు సన్నటి నైలాన్ దారంతో అరికాలు అక్కడక్కడా గుచ్చి చూశారు. అది వంగడానికి 10 గ్రాముల ఒత్తిడి చాలట. నాకు ఒక్కచోటా తగల్లేదు. చచ్చిన కండ కోసేశారు, యాంటీబయాటిక్స్ ఇచ్చారు, ఇన్సులిన్ మొదలుపెట్టారు. వీటన్నిటితో పాటు కాలి మీద బరువు పడకూడదన్నారు. అంటే మంచానికి అంకితం.

పైగా వాసన. ఎంత శుభ్రం చేసినా గదిలోంచి పోయేది కాదు.

ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లిష్ చదివినప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టిన నాటకం ఒకటి అప్పుడు మళ్లీ తీశాను. గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ‘ఫిలోక్టెటిస్’, దానికి క్రీ.పూ. 409లో ఏథెన్స్‌లో మొదటి బహుమతి వచ్చింది. ట్రాయ్ యుద్ధానికి వెళ్తూ కథానాయకుడు ఫిలోక్టెటిస్ ఒక దేవత గుడి ఆవరణలో పాము కాటు తిన్నాడు. కాలు కుళ్లింది. ఆ కంపు, ఆ అరుపులు భరించలేక తోటివాళ్లు అతను నిద్రలో ఉండగా లెమ్నోస్ దీవిలో వదిలేసిపోయారు. దానికి వాళ్ల నాయకుల్లో ఒకడైన ఓడిస్సియస్ చెప్పే సాకు, వీడి వల్ల ప్రశాంతంగా పూజలు చేసుకోలేకపోయాం అని.

అక్కడ పుస్తకం మూసేశాను. శ్రావణంలో మా తమ్ముడి గృహప్రవేశం, మధురవాడలో. "అన్నయ్యా, నువ్వు శ్రమపడకు, ప్రసాదం పంపిస్తాంలే" అన్నాడు ఫోన్లో. ఇద్దరం దెబ్బ తిన్నది దేవుడి దగ్గరే, గెంటేసిందీ దేవుడి పేరు చెప్పే.

ఒక తేడా ఉంది. అతను నొప్పితో దీవి దద్దరిల్లేలా అరిచాడు, నా కాలు ఒక్కసారి కూడా అరవలేదు, అందుకేనేమో నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లకి జాలి కన్నా ముందు ముక్కు మూసుకోవడమే గుర్తొచ్చేది. ఇంకోటి, ఆ నాటకంలో ఒక్క ఆడపాత్ర కూడా లేదు. నాకు మా ఆవిడ ఉంది, రోజూ స్నానానికి ముందు నా కట్టు మార్చేది, ఒక్కనాడూ మొహం చిట్లించలేదు.

చలికాలం వచ్చేసరికి పుండు పూడింది. ఇప్పుడు ఇంట్లో కూడా మెత్తటి రబ్బరు చెప్పులే, రాత్రి పడుకునే ముందు అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోవడం.

క్లాసులో నాకు అర్థంకానిది అతని మొండితనం. ట్రాయ్ వస్తే కాలు నయమవుతుందని చెప్పినా రానంటాడు, ఎందుకంటే వదిలేసిపోయినవాళ్లు మళ్లీ వచ్చింది అతని కోసం కాదు, అతని చేతిలో ఉన్న, హెరాక్లిస్ అనే మహావీరుడి విల్లు కోసం. మా తమ్ముడు సంక్రాంతికి వచ్చాడు. కాలెలా ఉందన్నాడు, కాఫీ తాగాడు, ఆ తర్వాత అనకాపల్లిలో నాన్న పొలం అమ్మకం కాగితాలు తీశాడు. నేను సంతకం పెట్టనన్నాను.

"పుండు మానింది కదండీ, ఇంకెందుకు పంతం" అంటుంది మా ఆవిడ. నాటకంలో అయితే చివర్లో దేవుడైపోయిన హెరాక్లిసే ప్రత్యక్షమై వెళ్లమని చెబితే గానీ అతను కదల్లేదు. మా తమ్ముడు ఈ ఆదివారం మళ్లీ వస్తాడట. రానీ, కాఫీ ఇస్తాం. సంతకం సంగతి అప్పుడు చూద్దాం.