మిరుగం రోజు చేపల వాసనకు లేవని పిల్లి

జూన్ 8.

ఇవాళ మిరుగం. పొద్దున్నే పానగల్ రోడ్డు మీద చేపల గంపలు దిగాయి. మృగశిర కార్తె వచ్చిన రోజు చేప తినకపోతే ఒంట్లో వేడి నిలవదని మా అమ్మ నమ్మకం. కొత్తిమీర కట్ట దగ్గర కూడా పంతం పట్టే మనిషి, ఇవాళ మాత్రం అడిగినంత ఇచ్చి రవ్వ చేప తెచ్చింది. వెనక నల్లా దగ్గర కూర్చుని పొలుసు తీస్తుంటే ఆ చప్పుడు నాకు వింతగా అనిపించింది. అడ్డం వచ్చేవాడు లేడు, అమ్మ తిట్లు లేవు.

అడ్డం రావాల్సినవాడు పట్వారీ. మా పిల్లి. పేరు నాయన పెట్టిందే. ‘ఈ వాడలో ఎవరింట్ల ఏం వండుతున్నరో లెక్కంత వీని దగ్గర్నే ఉంటది’ అనేవాడు. నాయన పోయినా పేరు ఉండిపోయింది. పదమూడేళ్లు దాటాయి వాడికి. రామగిరిలో మా గల్లీ గోడలన్నీ వాడి కొలతలో ఉంటాయి.

కూలర్ కింద పడుకుని ఉన్నాడు. చేప ముక్క చూపిస్తే కళ్లు మాత్రం పైకెత్తాడు, తల ఎత్తలేదు. కాసేపటికి లేచి వచ్చాడు. గడ్డం ఛాతీకి ఆనేలా తల వేలాడేసుకుని, కనుబొమ్మల కింది నుంచి చూస్తూ, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం కోసం తండ్రి ముందు నిలబడ్డ పిల్లాడిలా వచ్చాడు. వంటింటి గట్టు దగ్గర ఆగి, ఎగరడానికి వెనక కాళ్లు కూడదీసుకున్నాడు, ఒళ్లు ఒకసారి ఊగింది, అక్కడే చతికిలబడ్డాడు. గట్టు వంక కూడా మళ్లీ చూడలేదు.

‘ముసలోడైండు బిడ్డా. మనకు మోకాళ్లు పట్టినట్టే వానికీ పట్టినయి’ అంది అమ్మ. ఇంకో నిమిషం ఆగి, ‘గీ నీళ్ల మహత్యమే’ అని కూడా అంది.

ఆ రెండో మాట రాకుండా ఉండదు. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. అమ్మమ్మ నడుము వంగి, ఎదుటి మనిషి ముఖం చూడాలంటే పక్కకు తిరిగి చూసేది. మా మామలందరివీ గార పళ్లే. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు. అక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లను పటిక, సున్నంతో తేర్చే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లల కాళ్లు నిటారుగా కనిపిస్తున్నాయి. కానీ అమ్మ తరానికి ఎవరైనా వంగి నడిస్తే ముందు గుర్తొచ్చేది నీళ్లే. అది చూసిన బాధ, కాదనలేను. కానీ మా పట్వారీ పుట్టినప్పటి నుంచీ తాగింది టౌన్ నల్లా నీళ్లు. పైగా ఎముకలు పట్టేయడం ఏళ్ల మీద జరిగే పని. మొన్నటిదాకా గోడ దూకినవాడు ఇవాళ గట్టు ఎక్కలేకపోతున్నాడంటే అది వేరే సంగతి.

హాల్లో నడిపించి చూశాను. మాది షాబాద్ బండల నేల, నున్నగా జారుతుంది. కుంటితే ఏదో ఒక కాలు దాచుకుంటాడు. వీడు ఏ కాలూ దాచడం లేదు. నాలుగడుగులు వేసి కూర్చుంటున్నాడు, మళ్లీ లేస్తున్నాడు, వెనక కాళ్లు పక్కలకు జారుతున్నాయి. నిలబడ్డప్పుడు తొడలు సన్నగా వణుకుతున్నాయి. నొప్పి ఉన్న పిల్లి ముట్టుకుంటే గుర్రుమంటుంది. వీడు పట్టుకున్నా ఏమీ అనలేదు, బరువంతా నా చేతి మీద వేసేశాడు. ఫోన్లో వీడియో తీసి పెట్టుకున్నాను. డాక్టర్ ముందు పిల్లులు ఎలాగూ నడవవు, బల్ల మీద ముద్దలా కూర్చుంటాయి.

ఇంతలో పక్కింటి అక్క వచ్చింది, చేపల పులుసుకు చింతపండు తక్కువైందట. చూసి, ‘జరమొచ్చినట్టుంది, పారాసిటమాల్ పావుముక్క పాలల్ల కలిపి తాపు’ అంది. మంచి మనసుతోనే అంది. కానీ ఆ పావుముక్క చాలు పిల్లి ప్రాణం తీయడానికి. మన లివర్ ఆ మందును అరిగించినట్టు పిల్లి లివర్ అరిగించలేదు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. అక్కకు ఇదంతా చెబితే ‘అయ్యో, గట్లనా’ అని చింతపండు తీసుకుని వెళ్లింది.

మార్కెట్ బుట్టలో పాత దుప్పటి వేసి, పైన చున్నీ కట్టి, ఆటోలో పశువుల దవాఖానకు తీసుకెళ్లాను. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక భాగం కింద పెట్టి ఎత్తాను. మెడ పట్టి లేపే అలవాటు మా ఇంట్లో అందరికీ ఉంది, కానీ మెడే నిలవని పిల్లిని అలా లేపకూడదు. దవాఖానలో ఒక గేదె, ఎనిమిదో తొమ్మిదో మేకలు, వాటి మధ్య బుట్టలో మా పట్వారీ. మేకల ఆసామి చున్నీ సందులోంచి చూసి ‘పిల్లికి కూడా దవాఖాననా మేడం?’ అన్నాడు. అడగడంలో తప్పేం లేదు, నేనూ నవ్వాను. కానీ ఆయన లైన్లో మాకు ముందు చోటిచ్చాడు, అది రాసుకోవాలి.

డాక్టర్ వీడియో రెండుసార్లు చూశారు. మొదట చేసిన పని నాకు భలే నచ్చింది: వెనక కాళ్ల అరికాళ్లు తన చెంపకు ఆనించుకుని చూశారు. తర్వాత తొడ లోపలి వైపు నాడి పట్టుకున్నారు. గుండెలో గడ్డకట్టిన రక్తం వచ్చి, పెద్ద రక్తనాళం కాళ్లకు చీలే చోట ఇరుక్కుంటే పిల్లి ఒక్కసారిగా వెనక కాళ్లు ఈడ్చేస్తుందట. అరికాళ్లు చల్లబడతాయి, నాడి దొరకదు, నొప్పికి అరుస్తుంది. అప్పుడు రేపు చూద్దాం అనేది ఉండదు, ఆ గంటే ముఖ్యం. వీడివి వెచ్చగా, గులాబీ రంగులోనే ఉన్నాయి.

తర్వాత ప్రశ్నలు. పచ్చి చేపలు రోజూ పెడతారా? కొన్ని చేపల్లో విటమిన్ బి1ను విరగ్గొట్టే పదార్థం ఉంటుందట, అదే తిండిగా పెడితే పిల్లి మెడ ఇలాగే వాలిపోతుంది. ఉడికిస్తే ఆ పదార్థం పోతుంది. మా ఇంట్లో పెట్టేది ఉడికిన తలకాయే. చుట్టుపక్కల పురుగుమందు కొట్టారా? చొంగ కారుతోందా? పత్తి చేలకు వాడే కొన్ని మందులు ఒంటి మీద పడి నాకినా కండరాలు పట్టు తప్పుతాయి. చొంగ లేదు, విరేచనాలు లేవు. కుక్కల గోమార్లకు వేసే చుక్కల మందు ఏమైనా వేశారా? లేదు. మడమలు నేలకు ఆనించి నడుస్తున్నాడా? అది షుగర్ పిల్లుల నడకట. వీడియో మళ్లీ చూసుకున్నాం, మడమలు లేచే ఉన్నాయి.

నీళ్లు ఎక్కువ తాగుతున్నాడా అని అడిగారు. ఈ డైరీ నాతోనే ఉంది, తిరగేశాను. మే నెలలో ఒక రోజు ‘పట్వారీ బాత్రూం బకెట్లో తల పెట్టి తాగుతున్నాడు, గిన్నె నింపితే గంటలో ఖాళీ’ అని ఉంది. దాని పైనే ‘ఎండ 44’ అని కూడా ఉంది. ఇంకో పేజీలో, వాడు మూత్రం పోసే ట్రే గురించి, ‘మట్టి ట్రే రెండుసార్లు మార్చినా తడి’. డాక్టర్ ఆ పేజీలు తీసుకుని చదివారు. స్కూల్లో హెచ్‌ఎం కూడా నా రాతను అంత శ్రద్ధగా చదవరు.

‘ముసలితనం జబ్బు కాదమ్మా. ముసలితనంలో వచ్చే జబ్బు ఏదో కనుక్కోవాలి’ అన్నారు. ముంగాలు మీద కొంచెం బొచ్చు గీసి రక్తం తీశారు. ల్యాబ్‌లో కిడ్నీ పరీక్షలతో పాటు ఎలక్ట్రోలైట్స్, అంటే రక్తంలో పొటాషియం లాంటి లవణాల పరీక్ష కూడా చేయించమన్నారు. మామూలుగా పిల్లి అనగానే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసి ఊరుకుంటారట, పొటాషియం అడక్కపోతే ఎవరూ రాయరు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. క్రియాటినిన్ 3.1, ఎక్కువే. పొటాషియం 2.7. అది 3.5కు తగ్గకూడదు. ఫోన్లో డాక్టర్ చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. వయసుతో కిడ్నీలు నీటిని నిలిపి ఉంచలేవు, మూత్రం పల్చగా, ఎక్కువగా పోతుంది, దానితోనే పొటాషియమూ పోతుంది. పొటాషియం తగ్గితే నరం చెప్పినా కండరం సరిగా కదలదు. ఆకలి కూడా చస్తుంది, తినకపోతే ఇంకా తగ్గుతుంది. ఇలా ఒకదాన్ని ఒకటి తొక్కుకుంటూ కిందికి పోతుంది. మరీ తగ్గితే ఊపిరి పీల్చే కండరాల దాకా వస్తుందట. నోరు తెరిచి ఆయాసపడితే రాత్రయినా సరే తీసుకురమ్మన్నారు.

మరి తలే ముందు ఎందుకు వాలింది అని అడిగాను. ఎద్దుకు, కుక్కకు మెడ వెనక తల బరువు మోసే గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. పిల్లికి అది లేదు. తలంతా కండరాల మీదే ఆధారం, అందుకే బలహీనత ఎక్కడున్నా మెడ దగ్గర ముందు కనిపిస్తుంది. ఇది విన్నాక పొద్దుటి నుంచీ ఉన్న టెన్షన్ సగం తగ్గింది. జబ్బుకు ఒక దారి కనిపించినట్టయింది.

మళ్లీ వెళ్తే చర్మం కింద సెలైన్ ఎక్కించారు, అందులో లెక్కగా కొంచెం పొటాషియం కలిపి. భుజాల మధ్య చర్మం చిన్న మూపురంలా ఉబ్బింది, మెల్లగా దిగిపోతుందట. ఇంటికి నోటి మందు సిరప్. అన్నంతో పాటే ఇవ్వాలి, ఖాళీ కడుపుకు ఇస్తే కక్కుకుంటాడు. తక్కువైతే కండరం ఎలా పనిచేయదో, ఎక్కువైతే గుండె అలాగే ఆగుతుంది కాబట్టి ఒక్క చుక్క కూడా సొంత లెక్కతో పెంచొద్దని రెండుసార్లు చెప్పారు. కొన్ని రోజుల్లో మళ్లీ రక్తం చూస్తారు. బీపీ, థైరాయిడ్ కూడా చూడాలి. ఇవి కూడా ముసలి పిల్లుల్లో కిడ్నీ జబ్బుకు తోడుగా వస్తాయట.

పొటాషియం అన్న మాట విని అమ్మ ఊరుకుంటుందా. ముందు అరటిపండు నలిపి గిన్నెలో పెట్టింది, వాడు మూతి తిప్పుకున్నాడు. తర్వాత కొబ్బరి నీళ్లు. చివరికి ‘మనూర్ల బత్తాయిలకు కరువా, రసం తాపుదాం’ అని మొదలుపెట్టింది. నిమ్మజాతి వాసనకే పిల్లి ఇల్లు వదిలి పోతుంది, తాపడం ఎక్కడిది. అరటిపండులో ఉన్నమాట నిజమే కానీ వాడికి కావాల్సినంత రావాలంటే ఎన్ని తినాలి, అది మాంసం తినే జీవి కదా అంటే, ‘నాకు తెల్వదు, ఏదన్న ఒకటి పెట్టాలె’ అంది. ఆ తర్వాత రవ్వ ముక్క ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి, ముళ్లన్నీ వేళ్లతో వెతికి తీసి పెట్టింది. కొంచెం తిన్నాడు.

ఇంట్లో చిన్న మార్పులు చేశాను. వాడు తిరిగే దారిలో బండల మీద గోనె సంచులు పరిచాను. అన్నం గిన్నెను ఇటుక మీద పెట్టాను, తల వంచకుండా అందేలా. మట్టి ట్రే అంచు ఎత్తుగా ఉంది, దాటలేకపోతున్నాడు, కత్తితో ఒక పక్క కోశాను. నీళ్లు మాత్రం ఎక్కడికక్కడ, ఎంత తాగితే అంత. మేడ మెట్లకు అడ్డంగా కుర్చీ వేశాను. అమ్మ దానికే రెండుసార్లు తట్టుకుని నన్ను తిట్టింది.

12న బడి తెరుస్తారు. పొద్దున డోసు నేను ఇచ్చి పోగలను, సాయంత్రం ఆలస్యమైతే అమ్మే ఇవ్వాలి. సూది లేని సిరంజిని మూతి పక్క నుంచి, పళ్ల సందులో పెట్టి, కొంచెం కొంచెంగా వదలాలి, తల వెనక్కి వంచి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది అని చూపించాను. నీళ్లతో ప్రాక్టీసు చేసింది. చేయి బాగానే కుదిరింది, కానీ పట్వారీ సిరంజి మొన కొరికేశాడు. రేపు మెడికల్ షాపులో ఇంకో రెండు తేవాలి.