కరెంటు ఎక్కువగా వస్తోందని ఫిర్యాదు చేశాను: ఇంటి సోలార్‌తో నా అనుభవం

మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్, అంటే అది ఇచ్చే వోల్టేజీని మెట్లుగా పెంచి తగ్గించే స్విచ్చు, మార్చి కొద్ది రోజులే అయింది. కోపం చల్లారకముందే ఇదంతా రాసిపెట్టాలనుకున్నాను, ఎందుకంటే చల్లారిన తరువాత నేను కూడా అందరిలాగే 'ఏదో ఒకటి, పనైంది కదా' అంటాను.

మాది నెల్లూరుకు తూర్పున, మైపాడు తీరానికి దగ్గరగా ఉన్న ఊరు. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి పైకప్పు మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించాను. దరఖాస్తు, ప్యానెళ్ల బిగింపు, వచ్చే కరెంటునూ మనం లైనుకిచ్చే కరెంటునూ లెక్కగట్టే నెట్ మీటరు అన్నీ సాఫీగా జరిగాయి. 78,000 రూపాయల సబ్సిడీ కూడా బ్యాంకు ఖాతాలో పడింది. ఈ భాగం గురించి నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

ఫిర్యాదల్లా ఎండ ముదిరిన తరువాత మొదలైంది. ప్యానెళ్ల కరెంటును ఇంటికీ లైనుకూ పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ పొద్దున చక్కగా నడిచి, పదకొండు గంటల ప్రాంతంలో 'గ్రిడ్ ఓవర్ వోల్టేజీ' (లైనులో వోల్టేజీ హద్దు మీరింది) అని చూపించి ఆగిపోయేది, కాసేపటికి తనంతట తానే మొదలయ్యేది, మళ్లీ ఆగేది. ప్యానెళ్లకు అన్నం పెట్టే గంటలన్నీ ఇలా ఆగుతూ సాగుతూ గడిచిపోయేవి. రోజుకు 12 యూనిట్ల దాకా రావలసిన చోట సగం కూడా రాలేదు. 'ఇంత ఎండ కాస్తుంటే మీ సోలార్ పడుకుందేంది సార్?' అని వీధిలో వాళ్లు నవ్వేవారు.

ఇన్వర్టర్ తప్పు చేయడం లేదని నాకు మొదటి రోజే తెలుసు. నామమాత్రపు వోల్టేజీలో 110 శాతం దాటితే, అంటే 230కి 253 వోల్టులు దాటితే, 2 సెకన్లలోపు లైను నుంచి విడిపోవాలనీ, వోల్టేజీ కుదుటపడి కనీసం 60 సెకన్లు నిలకడగా ఉన్న తరువాతే తిరిగి కలవాలనీ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనలు చెబుతున్నాయి. మా ఇన్వర్టర్ అక్షరాలా అదే చేస్తోంది. అంటే లోపం లైనులో ఉంది. ఈ ఒక్క ముక్కను ఒప్పించడానికే నా ఓపికంతా ఖర్చయింది.

మొదట సోలార్ బిగించినవాళ్లను పిలిచాను. వచ్చిన కుర్రవాడు చూసి, 'లైన్‌లో వోల్టేజీ ఎక్కువుంది సార్, డిపార్ట్‌మెంట్ వాళ్లకు చెప్పండి' అన్నాడు. అంతవరకు బాగుంది. ఆ తరువాత, 'కావాలంటే సెట్టింగులో పై హద్దు 270కి పెంచేస్తాను, ఇక ఆగదు' అన్నాడు. నేను ససేమిరా అన్నాను. ఆ హద్దు నా ఇంట్లో ఫ్రిజ్‌కూ, పక్కింట్లో టీవీకీ రక్షణ. దాన్ని ఎత్తివేసి యూనిట్లు సంపాదించడం పొరుగువాడి సామాను కాల్చి మన ఇల్లు వెలిగించుకోవడమే. ఈ పని ఎన్ని ఊళ్లలో గుట్టుగా జరుగుతోందో గానీ, మీ ఇన్వర్టర్ దగ్గర మాత్రం జరగనివ్వకండి.

ఇక విద్యుత్ శాఖ సెక్షన్ ఆఫీసు సంగతి. నేను వెళ్లేసరికి రొయ్యల చెరువుల వాళ్లు ఏరియేటర్లకు (నీటిలో గాలి కలిపే యంత్రాలకు) లోడు పెంచమని కూర్చుని ఉన్నారు. నా వంతు వచ్చాక విషయం చెప్పాను. అక్కడి అధికారి కుర్చీలో వెనక్కు వాలి, అందరికీ వినిపించేలా, 'చూడండయ్యా, వోల్టేజీ చాలడం లేదని ప్రపంచమంతా వస్తుంటే, ఎక్కువైందని వచ్చింది ఈ సారొక్కరే' అన్నారు. చెరువుల వాళ్లు పకపకా నవ్వారు. నా దగ్గర ఓమ్ నియమం నేర్చుకున్న శిష్యుడు ఒకడు ఆ నవ్వేవాళ్లలో ఉన్నాడు. తగ్గకుండా కారణం వివరించబోతే, 'బడి అయిపోయింది సార్, ఇక్కడ పాఠాలు వద్దు' అన్నారు. పైగా తిరుగులేని తర్కం ఒకటి చూపించారు: మా వీధిలోనే మరో రెండు ఇళ్లకు సోలార్ ఉంది, అవి ఆగడం లేదు, కాబట్టి లోపం నా పరికరంలోనే ఉండాలట.

ఆ తర్కంలో పొరపాటు ఎక్కడుందో చెప్పాలంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలుపెట్టాలి. దాని నేమ్‌ప్లేట్ మీద 11,000/433 అని ఉంటుంది, అంటే 11,000 వోల్టులను 433కి దించుతుందని. కరెంటు తెచ్చే మూడు తీగల్లో, అంటే ఫేజుల్లో, రెండింటి మధ్య 433 వోల్టులంటే ఫేజుకూ తిరుగు తీగ అయిన న్యూట్రల్‌కూ మధ్య 250 వోల్టులు. లోడు లేనప్పుడు అక్కడే 250 ఉంటే, ఇన్వర్టర్ హద్దుకు మిగిలింది 3 వోల్టులే. ఇలా ఎందుకు చేశారంటే, దారిలో వోల్టేజీ పడిపోతుంది గనుక చివరి ఇంటికి 230 అందాలంటే మొదట్లో ఎక్కువ పెట్టాలి. పెన్నా కాలువ చివరి పొలాలకు నీరెక్కాలంటే తూము దగ్గర మట్టం ఎత్తుగా ఉంచినట్లే ఇదీను. కరెంటు ఎప్పుడూ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటికే వస్తుందన్న నమ్మకంతో వేసిన లైను అది. మధ్యాహ్నం జనం పనులకు వెళ్లి ఫ్యాన్లు ఆగిపోయిన వేళ కరెంటు ఇంటి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ వైపు వెళితే, పడిపోవలసిన వోల్టేజీ దారి పొడవునా పెరుగుతుంది. కాబట్టి అందరికంటే చివర ఉన్నవాడి ఇన్వర్టరే మొదట ఆగుతుంది. చివర ఉన్నది నేను. నాది ఆగిపోయి లైనులోకి ఎక్కే కరెంటు తగ్గడం వల్లనే మిగిలిన ఇద్దరివి హాయిగా నడిచేవి.

లెక్క కూడా వేసి చూపించాను. మా లైను సన్నని పాత అల్యూమినియం తీగ, కిలోమీటరుకు సుమారు 1.4 ఓమ్‌లు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 300 మీటర్లు, వెళ్లే తీగ, తిరిగే న్యూట్రల్ కలిపి 0.84 ఓమ్. 3 కిలోవాట్లకు 13 ఆంపియర్లు. మూడిళ్లూ వీధి చివరి స్తంభాల దగ్గరే, ఒకే ఫేజు మీద ఉన్నాయి గనుక 39 ఆంపియర్లు. మూడూ పూర్తి బలంతో నడిచి, ఇళ్లలో వాడకమేమీ లేదనుకుని గుణిస్తే దాదాపు 33 వోల్టుల పెరుగుదల. ఈ కాగితాన్ని ఆ అధికారి మడిచి ఫైలు కింద పెట్టుకున్నారు.

తరువాత జరిగింది ఇప్పటికీ నాకు మింగుడుపడదు. 1912కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే వోల్టేజీ కొలవడానికి మనిషి వచ్చాడు, సాయంత్రం చీకటి పడే వేళకు. మీటరులో 228 చూపించింది. 'వోల్టేజీ సాధారణం' అని రాసుకుని ఫిర్యాదు మూసేశారు. సూర్యుడు లేనప్పుడు సోలార్ సమస్య కొలిచారేమిటని అడిగితే, మధ్యాహ్నం తమకు కుదరదన్నారు. సోలార్ కంపెనీవాళ్లు శాఖ నుంచి కాగితం తెమ్మన్నారు, శాఖవాళ్లు కంపెనీ నుంచి తెమ్మన్నారు. జీతాలు వేరైనా ఇద్దరి మాటా ఒకటే.

చివరకు పనిచేసింది ఇన్వర్టర్ జ్ఞాపకశక్తి. ఎప్పుడు ఆగిందో, ఎన్ని వోల్టుల దగ్గర ఆగిందో తేదీ, గంటలతో సహా దానిలోనే నమోదవుతుంది. వాటిని ఫోటోలు తీసి, 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను ఉటంకిస్తూ, వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాశాను. ఇంటి సోలార్ 5 కిలోవాట్ల వరకు ఉంటే దానికి అవసరమైన లైను బలోపేతం పంపిణీ సంస్థే తన ఖర్చుతో చేయాలని ఆ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. మీరు ఎవరికి రాసినా ఈ ఒక్క వాక్యం తప్పకుండా రాయండి. సెక్షన్ ఆఫీసులో దీన్ని తమంతట తాముగా ఎవరూ మీకు చెప్పరు.

ఆ తరువాత లైన్‌మన్ వచ్చాడు. ఈ మొత్తం వ్యవహారంలో నేను గౌరవించే మనిషి అతనొక్కడే. స్తంభమెక్కి ఉప్పుగాలికి తినేసిన న్యూట్రల్ అతుకు చూపించి, 'ఈ తీగ నేను డ్యూటీలో చేరకముందుది సార్, అతుకులు తప్ప తీగ కనపడదు' అన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు తానే కొలిచాడు. అతుకు కొత్తగా వేసి, మూడు సోలార్ ఇళ్లనూ మూడు వేర్వేరు ఫేజులకు మార్చాడు. మూడు ఫేజులు సమంగా ఉంటే న్యూట్రల్‌లో తిరుగు కరెంటు దాదాపు ఉండదు గనుక నా లెక్క ప్రకారం 33 వోల్టుల పెరుగుదల 6 లోపుకు దిగాలి. కాగితం ఖర్చు కూడా లేని పని అది. కానీ 250కి 6 కలిపితే అప్పటికీ 253 దాటుతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆపి, ట్యాప్‌ను ఒక మెట్టు, అంటే రెండున్నర శాతం దించారు. మాది 160 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యానికి కొలత) గనుక ఆ సౌకర్యం ఉంది. 100 కేవీఏ, అంతకంటే చిన్నవాటిలో చాలావాటికి ట్యాప్ స్విచ్చే ఉండదు, అలాంటి ఊళ్లవాళ్లు తీగ మార్చమనే పట్టుబట్టాలి.

ఇప్పుడు మధ్యాహ్నమంతా ఇన్వర్టర్ నడుస్తోంది. అయితే దించిన ఆ 6 వోల్టులు రాత్రి ఏడు గంటలకూ దిగే ఉంటాయి. ఊరంతా మోటార్లు, ఫ్యాన్లు వేసుకునే ఆ వేళ అవతలి వీధి చివరి ఇళ్లలో లైట్లు మసకబారుతున్నాయని, దానికి కారణం నా సోలారేనని ఒకావిడ మా ఇంటికే వచ్చి అడిగింది. ఆమె మాటలో సగం నిజం ఉంది. పగలు పైకి, రాత్రి కిందికి పోయే వోల్టేజీని ఒకే చోట బిగించి వదిలేసే స్విచ్చుతో ఇద్దరికీ సరిపెట్టడం సాధ్యం కాదు. లావు తీగ వేస్తేనే రెండు వైపులా తేడా తగ్గుతుంది. దేశంలో సోలార్ సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటిందని పండుగ చేసుకున్నాం. ఆ కరెంటు చివరకు మోయవలసింది మా వీధిలోని ఈ అతుకుల తీగేనని ఆ ఫ్లెక్సీలు కట్టించినవారికి ఎవరైనా చెప్పారో లేదో.

కొత్త కేబుల్‌కు ఎస్టిమేటు వేశామని సెక్షన్ ఆఫీసులో అంటున్నారు. దాని నకలు అడిగాను, ఇంకా ఇవ్వలేదు. మసక లైట్ల గురించి ఆ ఇంటావిడ చేత కూడా ఒక ఫిర్యాదు రాయించి, నా దరఖాస్తుకు జతచేసి పంపాను.