యాడికొచ్చింది రైలు?

“నాన్నా, విదర్ అంటే ఎండిపోవడం కదా? ఇక్కడ డబ్ల్యూ తర్వాత హెచ్ కూడా ఉందేంది?”

కావలి స్టేషన్లో నెల్లూరు రైలు కోసం కూర్చున్నాం. పాప ఒళ్లో ఏదో పాత ఇంగ్లీషు పద్యం.

అది వేరే విదర్ అన్నాను. ‘ఎక్కడికి’ అని అర్థం. దానికి తోబుట్టువులు ఇంకో రెండు: హిదర్ అంటే ఇక్కడికి, దిదర్ అంటే అక్కడికి. మొదట్లో హెచ్, టీహెచ్, డబ్ల్యూహెచ్ మారతాయి, వెనకాల స్పెల్లింగ్ అంతా ఒకటే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో కొల్లలుగా కనిపిస్తాయి.

“హిందీలో ఇధర్, కిధర్ లాగుందే!” అంది. నాకు తట్టనేలేదు.

ఇంతలో మా అమ్మ: “ఎండలో ఈడికీ ఆడికీ తిరగబాకండి. ఇంతకీ యాడికొచ్చిందంట రైలు?”

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఈ, ఆ, యా. వెనకాల ‘డికి’ అట్లాగే ఉంది. ఒక్క గుక్కలో మూడూ చెప్పేసింది.

ఈడ్నించి, ఆడ్నించి, యాడ్నించి కూడా ఉన్నాయి ఇంగ్లీషు వాళ్లకి: హెన్స్, దెన్స్, వెన్స్. వాటిలో హెన్స్ ఒక్కటే గట్టిగా బతికింది, అదీ ‘అందుకని’ అనే అర్థంతో. లెక్కల నోట్సులో రోజూ రాశాం, ఎప్పుడైనా ఆలోచించామా!

హాస్టల్లో నా ‘యాడికి’ విని నవ్వారని నేను ‘ఎక్కడికి’కి మారిపోయాను. అమ్మ మారలేదు.

బిట్రగుంట దాటినా పాప ఆపలేదు. “విదర్ నాయనమ్మా?”

“నెల్లూరికే గదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలా!”